రాకెట్‌కి మనం ఏమవుతాం?

శ్రీహరికోటలో రాకెట్ లేచిన మర్నాడు ఏ పేపరు తీసినా ఒక చుట్టరికం కథ ఉంటుంది. ఫలానా ఊరి కుర్రాడు ఆ ప్రాజెక్టులో ఇంజినీరు, వాళ్ళ తాతగారు కాలేజీలో లెక్కల మాస్టారు, నాన్నగారు పెద్ద ఆఫీసరు అని రాస్తారు. 2021 జూలై 11న బండ్ల శిరీష అమెరికాలో ఒక ప్రైవేటు కంపెనీ వాహనంలో అంతరిక్షం అంచుల దాకా వెళ్ళొస్తే, పేపర్లవాళ్ళు, టీవీలవాళ్ళు తెనాలిలో ఉన్న తాతగారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. 1984 ఏప్రిల్ 3న రష్యావాళ్ళ సోయుజ్‌లో వెళ్ళిన రాకేష్ శర్మని 'మా నిజాం కాలేజీ కుర్రాడే' అని హైదరాబాదు ఇప్పటికీ చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. అందులో తప్పేమీ లేదు. మనిషన్నాక మంచి పనికి చుట్టరికం కలుపుకుంటాడు.

మరి మన పేటలకి రాకెట్‌తో ఏ చుట్టరికమూ లేదా? పేపరు చదివితే లేదనే అనిపిస్తుంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. మర్నాడు మా బడిలో ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "మాస్టారూ, అందులో మనోలు ఎవులైనా ఉన్నారేటి?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. అడగాల్సిన మాటే అడిగింది. దానికి జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మనవాళ్ళు ఉన్నారు. నేల వదిలినవాళ్ళలో ఉన్నారు. మట్టి మోసినవాళ్ళలో ఉన్నారు. తుపాను వస్తే ఆ ఉపగ్రహం చెప్పే కబురు కోసం ఎదురుచూసేవాళ్ళలో ఉన్నారు. కుర్చీల దగ్గరికి, పేర్ల దగ్గరికి వచ్చేసరికే లెక్క తేలదు. చుట్టరికం ఉంది, వాటా లేదు. మేము చెప్పదలచుకున్నది ఇదే.

దీవి ఖాళీగా లేదు

ముందు నేల సంగతి. రాకెట్‌ని తూర్పు ఒడ్డునే ఎందుకు పెట్టారు? భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది. తూర్పు వైపు వదిలిన రాకెట్‌కి ఆ తిరుగుడు ఊతమిస్తుంది. పరిగెత్తే బండి మీద నిలబడి, బండి పోయే వైపే రాయి విసిరితే ఎక్కువ దూరం పోతుంది కదా, అలాగ. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ ఊతం ఎక్కువ. శ్రీహరికోట దగ్గర అది సెకనుకి సుమారు 450 మీటర్లు. పైగా ఎదురుగా సముద్రం. కాలిపోయిన అంచెలు ఊడి పడినా నీళ్ళలోనే పడతాయి.

అంతకు ముందు 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి అమెరికావాళ్ళిచ్చిన నైకీ-అపాచీ అనే చిన్న రాకెట్‌ని వదిలారు. తుంబా పడమటి ఒడ్డు. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడానికి తూర్పు ఒడ్డు కావాల్సి వచ్చింది. విక్రమ్ సారాభాయ్ బృందం 1969లో అప్పటి నెల్లూరు జిల్లాలో, పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట దీవిని ఎంచుకుంది. అదే ఏడాది ఆగస్టు 15న ఇస్రో పుట్టింది. దీవిలో తీసుకున్న నేల సుమారు 43 వేల ఎకరాలు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అక్కడి నుంచి మొదటిసారి ఎగిరింది.

ఈ ఎంపికకి చెప్పే కారణాల్లో ఇంకొకటి ఉంది. అక్కడ జనం పెద్దగా లేరట! ఈ 'పెద్దగా లేరు' అనే మాట దగ్గర మనం ఆగాలి. ఆ దీవిలో ఉన్నది యానాదులు. షెడ్యూల్డు తెగ. మన సవరలు, జాతాపులు కొండని నమ్ముకున్నట్టే వాళ్ళు అడవినీ నీటినీ నమ్ముకుని బతికారు. తేనె తీయడం, దుంపలు తవ్వడం, మందు మొక్కలు ఏరడం, పులికాట్‌లో చేపలు పట్టడం వాళ్ళ బతుకు. కుంపిణీ రోజుల్లో దీవి అడవి సర్కారు చేతికి పోయాక, అదే అడవిలో అవే వస్తువులు సర్కారు కోసం ఏరి కూలి తీసుకున్నారు. అంటే సొంత అడవిలో కూలీలయ్యారు. వెన్నెలకంటి రాఘవయ్య గారు ఈ తెగ మీద ఒక పుస్తకమే రాశారు. అది 1962లో అచ్చయింది. పుస్తకానికి సరిపడా ఉన్న జనం ఏడేళ్ళు తిరిగేసరికి 'పెద్దగా లేని' జనం ఎలాగయ్యారు?

ఈ దేశంలో పట్టా లేనివాడిది ఖాళీ జాగా కిందే లెక్క. గుడిసె ఉన్నా, పొయ్యి ఉన్నా, తాతల సమాధులున్నా, కాగితం లేకపోతే మనిషి లేనట్టే. రాకెట్ కేంద్రం వచ్చాక యానాది కుటుంబాల్ని దీవి బయట కాలనీలకి పంపారు. కొందరికి కేంద్రంలో కూలి పని దొరికింది. తాతలు తేనె తీసిన చోటికి మనవలు పోవాలంటే గేటు దగ్గర పాసు చూపించాలి.

తుంబా కథ దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ కూడా ఊరు ఉంది, బెస్తల ఇళ్ళు ఉన్నాయి, మేరీ మగ్దలీన్ చర్చి ఉంది. సారాభాయ్ వెళ్ళి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరేరాని అడిగారు. బిషప్ తన చర్చిలో జనాన్ని అడిగారు. వాళ్ళు ఒప్పుకున్నారు. చర్చి ఆఫీసయింది, తర్వాత మ్యూజియం అయింది. ఆ కథ పుస్తకాల్లో ఉంది, బిషప్ పేరు ఉంది. ఆ బెస్తలు సుఖపడ్డారా లేదా అన్నది వేరే సంగతి. కనీసం అడిగారని చెప్పుకుంటున్నారు. యానాదుల దగ్గరికి పోయి, వాళ్ళ పెద్దని కూర్చోబెట్టి అడిగిన కథ మేము పిల్లలకి చెప్పిన ఏ పాఠంలోనూ లేదు.

మన జిల్లాలవాళ్ళకి ఇది అర్థం కాని సంగతి కాదు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించగా మిగిలిన భూమి తగాదాలోనే 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని నరికి చంపారు. 2010 జూలై 14న సోంపేట బీల కాపాడుకుంటామని నిలబడ్డ జనం మీద తుపాకులు పేలాయి. రిజర్వాయరైనా, థర్మల్ ప్లాంటైనా, రాకెట్ కేంద్రమైనా 'దేశం కోసం' అనే మాట మొదట వచ్చి తగిలేది కాగితం లేనివాడి గడపకే. దేశం కోసం ఇవ్వడానికి మనం ఎప్పుడూ ముందే ఉన్నాం. ఇచ్చినవాళ్ళ లెక్కలో మాత్రం ఎక్కలేదు.

కాంక్రీటు కింద చేతులు

ఇక చెమట సంగతి. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి తరం మేమే. కానీ మా ఇంట్లో రాకెట్‌తో చుట్టరికం కలిసింది డిగ్రీ వల్ల కాదు, మా పెద్దమావ వల్ల. 1990ల మొదట్లో మన వైపు నుంచి వలసపోయిన ముఠాతో ఆయన శ్రీహరికోటలో కాంక్రీటు పనికి వెళ్ళాడు. అప్పట్లో ఇక్కడ పనులు లేవు, వాన లేదు, చెరువు లేదు. మద్రాసు రైలెక్కినవాడు ఎక్కడ దిగుతాడో మేస్త్రీకే తెలుసు. మావ ఆరు నెలలు ఉండి వచ్చాడు. తర్వాత ఎప్పుడు టీవీలో రాకెట్ చూపించినా ఒకటే మాట: "పైకెల్లిందాన్ని మీరు సూడండిరా. నాను దాని కింద నేలని సూసినాను."

ఈ మాటని మేము పిల్లలకి చెబుతాం. ఒక రాకెట్ లేవాలంటే దాని కింద ఎంత పని ఉండాలో ఆలోచించండి. వందల టన్నుల బరువు నిలబడే వేదిక కావాలి. మంట దూసుకుపోవడానికి లోతైన కాలువ తవ్వాలి. రాకెట్ అంచెల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టడానికి ఎత్తైన కట్టడం కావాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఎప్పుడూ రంగులు వేస్తుండాలి. రోడ్లు, డ్రైన్లు, కాలనీలు, ఊడ్చే పని, వంట పని కూడా ఉంటాయి. లెక్కలు వేసినవాళ్ళ గొప్పని మేము కాదనం. లెక్క తప్పితే రాకెట్ లేవదు. కాంక్రీటు తప్పినా లేవదు కదా! మొదటివాళ్ళకి పద్మ అవార్డులు, రెండోవాళ్ళకి మస్టరు రోల్‌లో ఒక వేలిముద్ర.

1981 నాటి ఒక ఫోటో ప్రపంచమంతా తెలుసు. ఆపిల్ అనే ఉపగ్రహాన్ని ఎద్దుబండి మీద పెట్టి ఉంటారు. ఇనుప బండి అయితే పరీక్షకి అడ్డు తగులుతుందని, ఆరుబయట ఏంటెన్నాని పరీక్షించడానికి చెక్క బండి తెచ్చారు. ఆ ఏడాది జూన్ 19న అదే ఉపగ్రహం ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్ మీద వెళ్ళింది. 'ఎద్దుబండి నుంచి అంతరిక్షానికి' అని ఆ ఫోటో కింద గర్వంగా రాస్తుంటారు. బండి ఎవరిది? ఎద్దుల్ని తోలుకొచ్చిన మనిషి పేరేటి? ఉపగ్రహం పేరు గుర్తుంది. బండి బొమ్మ గుర్తుంది. బండివాడు గుర్తు లేడు.

2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో రాకెట్‌కి వాడే ఘన ఇంధనం తయారుచేసే చోట మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. ఇది ప్రాణాలతో చెలగాటమాడే పని అని గుర్తుంచుకోవాలి. ఇంకో సంగతి. శ్రీహరికోట రెండో ప్రయోగ వేదికకి భారీ యంత్ర సామగ్రి చేసిచ్చింది రాంచీలోని ప్రభుత్వ సంస్థ హెవీ ఇంజినీరింగ్ కార్పొరేషన్. 2023లో చంద్రయాన్ దిగి దేశమంతా మిఠాయిలు పంచుకుంటున్నప్పుడు, ఆ సంస్థ కార్మికులు నెలల తరబడి జీతాలు రాక రోడ్డు మీద ఉన్నారు. రాకెట్ వేళకి లేచింది. జీతం వేళకి లేవలేదు.

తుపానొస్తే తెలుస్తుంది

ఇదంతా చదివి కొందరు 'వీళ్ళు రాకెట్లే వద్దంటున్నారు' అంటారు. మేము అలాగనడం లేదు. తిండి లేని దేశానికి రాకెట్లెందుకని కడుపు నిండినవాళ్ళు సభల్లో అడుగుతుంటారు. తుపాను దారిలో గుడిసె ఉన్నవాళ్ళు ఆ ప్రశ్న అడగరు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. అప్పటికి తుపానుని గంట గంటకీ పైనుంచి చూసే సొంత ఉపగ్రహం మనకి లేదు. 1983లో ఇన్సాట్-1బి వచ్చాక వాతావరణం మీద కన్ను పెట్టగలిగారు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ వచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డు దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కానీ ముందే కబురు వచ్చింది కాబట్టి జనం చాలామంది ప్రాణాలతో మిగిలారు. అది ఉపగ్రహం పెట్టిన భిక్ష కాదు, మన పన్నులతో మనం కొనుక్కున్న రక్ష. అగ్గిపెట్టె కొన్నవాడు కూడా పన్ను కట్టినవాడే.

అయితే కబురు పైనుంచి కిందికి వచ్చేసరికి మళ్ళీ పాత దారే పడుతుంది. ఉపగ్రహం కులం చూడదు. అది తీసే ఫోటోలో కామందు మేడా, పేటలో రేకుల ఇల్లూ ఒకేలా కనబడతాయి. తుపాను షెల్టరు ఏ వీధి చివర కడతారు, రిలీఫ్ బియ్యం ఏ అరుగు మీద పంచుతారు, పడిపోయిన చెట్టుకి పరిహారం ఎవరి పేరున రాస్తారు అన్నవి కిందున్న మనుషులు చేసే లెక్కలు. జీడిచెట్టు పడితే చెట్టు ఆసామికి డబ్బు వస్తుంది. ఆ చెట్టు కింద పిక్కలేరి బతికే కూలి ఆడమనిషికి ఏటొస్తుంది?

మన బెస్తల సంగతీ ఇంతే. ఇక్కడ రేవులు లేక, వేట గిట్టక, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ పోయి అక్కడి బోట్ల మీద పనిచేస్తున్నారు. 2018 నవంబరులో అలా పోయినవాళ్ళు సముద్రంలో సరిహద్దు దాటారని పాకిస్తాన్‌వాళ్ళు పట్టుకుపోయారు. 14 నెలలు కరాచీ జైలు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర విడుదలై వచ్చారు. ఆ కథ మీద 2025లో సినిమా కూడా వచ్చింది. నీళ్ళ మీద గీత ఉండదు. గీత ఎక్కడుందో చెప్పేది ఉపగ్రహమే. ఆ యంత్రం ప్రతి పడవకీ ఉండాలన్న పథకం, లక్ష పడవలకి ట్రాన్స్‌పాండర్లు అని, 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైంది. మంచిదే. మన రేవుల్లో ఎన్ని పడవలకి వచ్చాయో ప్రతి ఊరూ లెక్క అడగాలి. ఉపగ్రహాలు ఆకాశంలోకి చేరి దశాబ్దాలైంది. తెరచాప దాకా రావడానికి ఇన్నేళ్ళా?

నిచ్చెన మధ్యలో మెట్లు లేవు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆ పిల్ల అడిగిన ప్రశ్న కూలి గురించి కాదు. శాస్త్రవేత్తల్లో మనోలు ఉన్నారా అని.

1975 ఏప్రిల్ 19న మన మొదటి ఉపగ్రహం ఆర్యభట రష్యాలోని కపుస్తిన్ యార్ నుంచి వెళ్ళింది. దేశం పండగ చేసుకుంది. రెండు నెలలు దాటాక, 1975 జూన్ 23న, ఎమర్జెన్సీకి రెండు రోజుల ముందు, కేంద్ర సిబ్బంది శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిశోధన చేసే, చేయించే, నడిపించే సైంటిఫిక్, టెక్నికల్ పోస్టుల్లో గ్రూప్-ఏ మొదటి మెట్టు పైన ఉన్నవాటిని ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ల నుంచి మినహాయించవచ్చని దాని సారం. మొదటి మెట్టు మీద కాలు పెట్టనిస్తారు. పైమెట్లకి మాత్రం నిచ్చెన వేరే. ఈ ఉత్తర్వు వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఆర్యభట గురించి ప్రతి బడిలో పాఠం ఉంది. ఈ ఉత్తర్వు గురించి మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు?

1992 నవంబరు 16న మండల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. బీసీలకి 27 శాతం నిలబడింది. అందుకు సంతోషించాం. అదే తీర్పులో, మన తెలుగువాడే అయిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన ప్రధాన భాగంలో, రిజర్వేషన్లు మంచిది కాదేమోనని కొన్ని పోస్టుల పేర్లు చెప్పారు. అణుశక్తి, అంతరిక్షం సహా పరిశోధన సంస్థల్లోని టెక్నికల్ పోస్టులు అందులో ఉన్నాయి. ఇది ఉదాహరణకి ఇచ్చిన జాబితాయేననీ, తేల్చాల్సింది కేంద్ర ప్రభుత్వమేననీ కూడా చెప్పారు. కానీ 'అంతరిక్షానికి రిజర్వేషన్ పనికిరాదు' అన్న భావానికి దేశపు పెద్దకోర్టు ముద్ర పడిపోయింది.

ఎందుకు పనికిరాదు? 'మెరిట్' అంటారు. రాకెట్ కూలిపోతే ఎవరు బాధ్యులు అంటారు. సరే, రాకెట్లు కూలిన చరిత్రే చూద్దాం. 1979 ఆగస్టు 10న మన మొదటి ఉపగ్రహ వాహనం ఎస్ఎల్‌వి-3 లేచింది. రెండో అంచె కంట్రోలు వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయింది. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. రామేశ్వరంలో పడవ నడిపిన ఇంట్లో పుట్టి, పేపర్లు పంచి చదువుకున్న మనిషి. ఆ రోజు విలేకరుల ముందుకి వెళ్ళింది కలాం కాదు, ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. ఓటమిని తన నెత్తిన వేసుకున్నాడు. కలాంకి ఇంకో అవకాశమిచ్చాడు. 1980 జూలై 18న అదే ఎస్ఎల్‌వి-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు మాత్రం ధావన్ 'నువ్వెళ్ళి మాట్లాడు' అని కలాంని ముందుకి పంపాడు.

1987 మార్చి 24న ఏఎస్ఎల్‌వి పడింది. 1988 జూలై 13న మళ్ళీ పడింది. 1993 సెప్టెంబరు 20న పీఎస్ఎల్‌వి మొదటి ప్రయోగం పడింది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండరు చంద్రుడి మీద కూలింది. 2025 మే 18న పీఎస్ఎల్‌వి-సి61 విఫలమైంది. ఈ ఓటమి ఒక్కదానికైనా 'ఫలానా కులంవాడు చేరడం వల్ల' అన్నారా? అనకూడదు కూడా. పొరపాటు ఎక్కడుందో వెతికారు, సరిచేశారు, మళ్ళీ ఎగరేశారు. సైన్సు అలాగే నడుస్తుంది. మేము అడిగేది ఇదే: పడి లేచే అవకాశం రాకెట్‌కి ఉంది, మన పిల్లాడికి ఏదీ? పెద్ద కాలేజీలో వాడు ఒక సెమిస్టరు తప్పితే 'కోటాగాడు' అన్న ముద్ర పడుతుంది. ధావన్ లాంటి గురువు వాడికి ఎదురుపడితే వాడు కలాం అవుతాడు. ఎదురుపడకపోతే హాస్టలు గదిలో ఒంటరి అవుతాడు. మెరిట్ అనేది పుట్టుకతో వచ్చే పుట్టుమచ్చ కాదు. ఇంకో అవకాశం దొరికినవాడి దగ్గర పెరిగే మొక్క.

ఇప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. 2020 జూన్‌లో కేంద్రం అంతరిక్షాన్ని ప్రైవేటుకి తెరిచింది. 2022 నవంబరు 18న హైదరాబాదు కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచే ఎగిరింది. తెలుగువాళ్ళు చేశారని పేపర్లు రాశాయి. బాగుంది. కానీ ప్రైవేటులో మొదటి మెట్టు రిజర్వేషన్ కూడా లేదు. నేల యానాదులది, వేదిక ప్రజల సొమ్ము. ఉద్యోగం ఎవరిదో చెప్పే చట్టం లేదు. తలుపు కొద్దిగా తెరుచుకుంటోంది అనుకునేలోగా ఇల్లే వేరే చోటికి మారిపోతోంది.

వాటా ఎలాగ అడగాలి

పెళ్ళికి పిలవకపోయినా పందిరి వేసింది మనమే అని చెప్పుకుని ఊరుకుంటే లాభం లేదు. మూడు మాటలు అడగాలి.

ఒకటి, పేర్లు. ఉపగ్రహాలకి ఆర్యభట, భాస్కర, రోహిణి అని పెట్టారు. చంద్రయాన్-3 దిగిన చోటికి 'శివశక్తి' అని పెట్టారు. ప్రయోగానికి ముందు రాకెట్ బొమ్మని తిరుమల వెంకన్న పాదాల దగ్గర పెడతారు. సూళ్ళూరుపేట చెంగాళమ్మకి మొక్కుతారు. ఎవరి నమ్మకం వాళ్ళది. దేవుళ్ళకి చెప్పినట్టే దీవి మనుషులకీ చెప్పాలి కదా. శ్రీహరికోట వదిలిన యానాది కుటుంబాల చరిత్ర ఆ కేంద్రం గేటు దగ్గర రాతి మీదా, మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉండాలి.

రెండు, లెక్కలు. 1975 నాటి మినహాయింపు కింద అంతరిక్ష శాఖలో ఎన్ని పోస్టులున్నాయి? గ్రూప్-ఏలో మెట్టు మెట్టుకీ ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, బీసీలు ఎందరు? కాంట్రాక్టు కార్మికులు ఎందరు, వాళ్ళకి పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? ఇవి రాకెట్ రహస్యాలు కావు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఆ చట్టం నుంచి డీఆర్‌డీఓకి మినహాయింపు ఇచ్చారు గానీ ఇస్రోకి ఇవ్వలేదు. దరఖాస్తుకి పది రూపాయలు. పేదరికపు రేఖ కింద ఉన్నట్టు కాగితం ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మన సంఘాల్లో చదువుకున్న ప్రతి కార్యకర్తా ఒక దరఖాస్తు పెట్టాలి. లెక్క చేతికొచ్చాకే మినహాయింపు ఎత్తేయమన్న మాటకి బలం.

మూడు, రేపటి పని. 2025 జనవరి 16న కేంద్ర మంత్రివర్గం శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకి 3,984.86 కోట్లు ఒప్పుకుంది. నాలుగేళ్ళలో కట్టాలట. మళ్ళీ మన వైపు నుంచి ముఠాలు పోతాయి. ఈసారి ముఠాలో పోయే ప్రతి మనిషికీ గుర్తింపు కార్డు, బ్యాంకులో కూలి, బీమా ఉండాలి. ప్రజల సొమ్ముతో కట్టిన వేదికని వాడుకునే ప్రైవేటు కంపెనీ రిజర్వేషన్ పాటించాలి. ఈ షరతు పెట్టమని మన ఎంపీలని గ్రామసభ తీర్మానాలతో అడగాలి.

అడగడంతో పాటు మనం చేసుకోవాల్సిందీ ఉంది. తోటి ఉపాధ్యాయులకి, కార్యకర్తలకి ఇది ముఖ్యం. ఇస్రో 2019 నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకి యువిక అనే శిక్షణ పెడుతోంది. ఎంపికలో పంచాయతీ బడి పిల్లలకి అదనపు మార్కులున్నాయి. ప్రయాణం, తిండి, బస వాళ్ళవే. మామూలుగా ఏడాది మొదట్లో ప్రకటన వస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్లో. గడువు అయిపోయాక తెలుస్తోంది మనకి. ఐటీఐ పాసైన పిల్లలకి టెక్నీషియన్ పోస్టులున్నాయి, వాటిలో రిజర్వేషన్ ఉంది. ఇంటర్ ఎంపీసీ బాగా చదివే పిల్లలకి తిరువనంతపురంలో 2007లో పెట్టిన అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో సీటు, అందులోనూ రిజర్వేషన్ ఉంది. ఇవి మన పేట గోడ మీద రాసి ఉండాలి. అంబేద్కర్ జయంతి ఫ్లెక్సీకి పెట్టే ఖర్చులో పదో వంతు చాలు.

2023 ఫిబ్రవరి 10న ఎస్ఎస్ఎల్‌వి-డి2 మీద ఆజాదీశాట్-2 అనే చిన్న ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్ళింది. దాన్ని తయారుచేయడంలో దేశం నలుమూలల నుంచి 750 మంది ఆడపిల్లలు చేతులు వేశారు. అందరూ సర్కారు బళ్ళ పిల్లలే. 2022 ఆగస్టు 7న వాళ్ళ మొదటి ఉపగ్రహం కక్ష్య తప్పి పోయింది. మళ్ళీ చేశారు. సర్కారు బడి పిల్ల చెయ్యి పడితే ఉపగ్రహం మైల పడదని రుజువైంది. పడి మళ్ళీ లేస్తుందనీ రుజువైంది.

కాబట్టి మా పిల్లలకి మేమిప్పుడు ఇలాగ చెబుతున్నాం. రాకెట్‌కి మనం పరాయివాళ్ళం కాదు. దాని కింద నేలకి మనం అన్నదమ్ములం, దాని కింద కాంక్రీటుకి మనం కన్నవాళ్ళం. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ముడికి వాటా ఉంటుంది, దయ ఉండదు. ఈ నెలాఖరులోగా ప్రతి మండలం నుంచి ఒక సమాచార హక్కు దరఖాస్తు, ప్రతి బడి నుంచి ఒక యువిక దరఖాస్తు సిద్ధం కావాలి. జవాబు కాగితాలు వచ్చాక ఈ పత్రికకే పంపండి. అచ్చు వేద్దాం. చుట్టరికం కాగితం మీదకి ఎక్కాల్సిన రోజు వచ్చింది.